బడి ఉత్తరాలు: నోట్సు తెల్లగానే ఉంది, మరి పిల్లాడు ఏం నేర్చుకున్నట్టు?

జూన్‌లో బళ్లు తెరిచారు, పిల్లలకి ఏం వచ్చిందో మధ్యమధ్యలో చూసే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)-1 అయిపోయింది, ఎఫ్‌ఏ-2 అయిపోయింది, బడిలో బతుకమ్మ కూడా ఆడేశాం, ఇప్పుడు దసరా సెలవులు. పిల్లల బ్యాగులు తిరగేసే తీరిక అందరికీ ఇప్పుడే దొరికినట్టుంది, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ: ఇన్నాళ్లూ మావాడు బడిలో ఏం చేసినట్టు? ఈ నాలుగు నెలలూ నేను పాఠాలు చెప్పింది మూడో తరగతికే, మాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, క్లాసులో పందొమ్మిది మంది. అందుకే నా జవాబుల్లో వాళ్లే మాటిమాటికీ వస్తారు, పేర్లు మాత్రం అడక్కండి.

ప్రశ్న: మా బాబు ఊళ్లో ప్రభుత్వ బడిలో మూడో తరగతి. నాలుగు నెలలైనా లెక్కల నోట్సులో పదిహేను పేజీలు కూడా నిండలేదు. అడిగితే పుల్లలతో ఆడామంటాడు, గవ్వలతో ఆడామంటాడు, బతుకమ్మ పేర్చామంటాడు. మా తోడికోడలి కూతురు ప్రైవేటులో అదే మూడో తరగతి, ఆ పిల్లకి నాలుగు నోట్సులు నిండిపోయాయి. చుట్టాలొచ్చినప్పుడల్లా అవి తెచ్చి ముందు పెడుతుంటే నాకు తల కొట్టేసినట్టవుతోంది. మావాడికి నిజంగా ఏమైనా వస్తోందా?
– ఒక అమ్మ, నర్సంపేట దగ్గర పల్లె

జవాబు: అమ్మా, నోట్సు నిండడం తప్పేమీ కాదు, ఆ పాప కష్టపడే రాసి ఉంటుంది. కానీ నిండిన నోట్సు చూసి నేనూ ఒకసారి బోల్తా పడ్డాను, ఆ సంగతి చెప్తాను వినండి. కొన్నేళ్ల కిందట ఒక పిల్లాడు వేరే ఊరి నుంచి వచ్చి మూడో తరగతిలో చేరాడు. ముత్యాల్లాంటి రాత. నేను మురిసిపోయి ఆ నోట్సు పక్క క్లాసు సార్‌కి కూడా చూపించాను. వారం తర్వాత ఒకరోజు బోర్డు మీద ‘చెట్టు’ అని రాసి అటు తిరిగేసరికి నా కొంగు తగిలి కింద ఉన్న ట ఒత్తు చెరిగిపోయింది, నేను చూసుకోలేదు. మిగతా పిల్లలు ‘టీచర్, చెట్టు తప్పు రాశారు’ అని ఒకటే గోల. వీడు మాత్రం ‘చెటు’ అని బుద్ధిగా దించుకున్నాడు, చెరిగిన చోట మిగిలిన సుద్దముక్క మరకను కూడా ఒక చిన్న చుక్కలా పెట్టాడు! అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని వాడు రాసిందే వాణ్ని చదవమన్నాను. ఒక్క ముక్క రాలేదు. రెండేళ్లుగా వాడు అక్షరాలు రాయడం లేదు, బొమ్మలు గీస్తున్నాడు. ఆ రోజు నుంచి ఎవరైనా నోట్సు చూపిస్తే ముందు పిల్లాణ్ని చదవమంటున్నాను.

ఇక మీవాడి పుల్లల సంగతి. మా క్లాసులో జులై మొదట్లో 52లో నుంచి 27 తీసేయమని లెక్క ఇచ్చాను. పందొమ్మిది మందిలో పదకొండు మంది 35 అని రాశారు. ఎందుకో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది, 2లో నుంచి 7 పోదు కదా, అందుకని 7లో నుంచే 2 తీసేశారు, ఎవరికీ అనుమానం రాలేదు. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని చెప్పి ఇంకో ఇరవై లెక్కలు చేయించి ఉంటే రెండు రోజుల్లో నోట్సు నిండేది, జవాబులు కూడా సరిగ్గానే వచ్చేవి, ఆ అప్పు ఏమిటో, ఎవరిస్తున్నారో మాత్రం వాళ్లకి ఈ జన్మలో తెలిసేది కాదు. అందుకని చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఒక అమ్మాయి ముందు పెట్టి 27 నాకివ్వు అన్నాను. రెండు కట్టలు ఇచ్చేసింది. ఇంకా ఏడు పుల్లలివ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. కట్టల వంక చూసింది, నా వంక చూసింది, మళ్లీ కట్టల వంక చూసి మెల్లగా అడిగింది, ‘టీచర్, రబ్బరు బ్యాండు తీయొచ్చా?’ అని. మూడో తరగతి మొదటి నాలుగు నెలల లెక్కల్లో నాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్నే. దాన్ని ఏ నోట్సులో ఏ పేజీలో రాయమంటారు?

ఇంకోటి కూడా చూడండి, నూట ఐదు రాయమంటే సగం మంది 1005 అని రాస్తారు. పిల్లాడి తప్పు కాదది, నూరు అంటే 100, పక్కన ఐదు, విన్నది విన్నట్టు రాశాడు. వందల కట్ట, పదుల కట్ట, విడివి అని మూడు గళ్లు గీసి పదుల గడిలో ఏమీ లేదని వాడి వేలితోనే చూపించాక గానీ ఆ సున్నా ఒక్కటే ఎందుకుండాలో తలకెక్కదు. దీనికి తోడు ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. మన తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా పెట్టారు కదా, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్. నేను ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీ రాస్తారు, ఫిఫ్టీ అంటే ఫిఫ్టీన్ రాస్తారు. పదిహేను, యాభై అంటే ఎవరూ తడబడరు. అంటే వాళ్లకి రానిది లెక్క కాదు, వినికిడి. రెండూ వేరు చేసి చూడకపోతే అనవసరంగా ‘వీడికి లెక్కలు రావు’ అని ముద్ర వేసేస్తాం.

గవ్వలాట అంటే అష్టాచెమ్మా అయ్యుంటుంది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. పిల్లాడు గవ్వ వేయకముందే ‘నాకు మూడు పడితే నీ కాయ చస్తుంది’ అని లెక్కేసుకుంటాడు చూడండి, అది ఏ వర్క్‌షీటుకూ తీసిపోదు. బతుకమ్మ కూడా అంతే, తంగేడు, గునుగు, బంతి ఎవరింటి దగ్గర దొరికింది వాళ్లు తెచ్చారు, గునుగు పూలకి రంగులద్దుకున్నారు, అడుగు వరసకి తంగేడు కట్టలు ముప్పై రెండు పట్టాయి, పైవరసకి ఇరవై ఎనిమిది, ఆ పైన ఇరవై నాలుగు. నాలుగో వరస పేర్చకముందే ఒకడు ఇరవై అని చెప్పేశాడు. నిజానికి పట్టింది ఇరవై ఒకటి, పూలు వాడిపోయి సన్నబడ్డాయి, దాని మీద పావుగంట వాదన నడిచింది.

ఇంత చెప్పానని, బడిలో ఏం చేసినా గొప్పే అని అనుకోకండి. ఆడామని చెప్పే ప్రతి ఆటా చదువు కాదు, కొన్ని రోజులు మాకూ ఓపిక లేక ‘పోయి ఆడుకోండిరా’ అంటాం, అదీ నిజమే. కాబట్టి మీరే చూసుకోండి. ‘అసర్’ అని ప్రథమ్ సంస్థవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే సర్వే ఒకటుంది, పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఆ తర్వాత రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం, 2022లో అయితే 16.3 శాతమే. మీరూ అదే చేయండి, వాడి పాత రెండో తరగతి తెలుగు పుస్తకంలో వాడు మర్చిపోయిన పాఠం ఒకటి తీసి పది వాక్యాలు చదివించి, ఏం జరిగిందో సొంతంగా చెప్పమనండి. కొట్టుకి పంపి యాభై రెండు రూపాయల్లో ఇరవై ఏడు ఖర్చయితే ఎంత మిగలాలో వెళ్లేముందే అడగండి. చెప్పగలిగితే ఆ తెల్ల పేజీల గురించి నిద్ర చెడగొట్టుకోకండి. చెప్పలేకపోతే మాత్రం సెలవులయ్యాక బడికెళ్లి టీచర్ని అడగండి, నోట్సు ఎందుకు నిండలేదని కాదు, వీడు ఎక్కడ ఆగిపోయాడో చెప్పమని.

ప్రశ్న: మేడమ్, మా పాపకి రవాణా సాధనాల మీద ఎఫ్‌ఏ ప్రాజెక్టు ఇచ్చారు. నాకు చెప్పింది రాత్రి తొమ్మిదింటికి, పొద్దున్నే ఇవ్వాలట. నెట్ సెంటర్ తెరిపించి 80 రూపాయలు పెట్టి రంగు ప్రింట్లు తీయించి, నేనూ మా ఆవిడా పదకొండు దాకా కూర్చుని చార్టు మీద అతికించాం. పాప తొమ్మిదిన్నరకే నిద్రపోయింది. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ మార్కులు ఎవరివి అంటారు?
– ఒక నాన్న, కరీంనగర్

జవాబు: మీవే. మీ ఆవిడకి సగం ఇవ్వండి.

తప్పు మీది కాదు లెండి, రాత్రికి రాత్రి చార్టు అడిగినవాళ్లది, అందులో అప్పుడప్పుడూ నేనూ ఉంటాను. ఎఫ్‌ఏలో నాలుగు ముక్కలుంటాయి, పిల్లలు క్లాసులో ఎలా పాల్గొన్నారు, ఎలా స్పందించారు అనేది ఒకటి, రాత పనులు ఒకటి, ప్రాజెక్టు ఒకటి, చివరగా మేమంతా స్లిప్ టెస్ట్ అనే లఘు పరీక్ష. పరీక్షలో రాయలేని పిల్లాడికి కూడా వేరే దారిలో తనకు వచ్చింది చూపించే అవకాశం ఉండాలని ఇవి పెట్టారు. జరుగుతున్నదేమో పిల్లాడు నిద్రపోవడం, నాన్న జిగురు పూయడం!

ఈసారి మా క్లాసులో అదే రవాణా పాఠానికి చార్టు వద్దన్నాను. పొద్దున పది నుంచి పదిన్నర దాకా అందరం బడి గేటు లోపలే కూర్చున్నాం, రోడ్డు మీద పోయే ప్రతిదానికీ ఒక గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా, గణన చిహ్నాలంటే అవే. నాట్ల రోజులు కాబట్టి బురద దున్నే ఇనుప చక్రాల (కేజ్ వీల్) ట్రాక్టర్లు ఎక్కువొచ్చాయి, బైకులు, రెండు ఆటోలు, ఒక ఎడ్లబండి, పాల క్యాన్లతో ఒక టీవీఎస్. ఇంతలో ఒక గొర్రెల మంద వచ్చింది, ఒకడు కంగారుగా గీతలు గీసుకుంటూ పోతున్నాడు, పేజీ అయిపోయింది. ఏంట్రా అంటే ‘గొర్లు టీచర్, నలభై దాటినయి’ అన్నాడు. గొర్రె రవాణా సాధనమా కాదా అని మొదలైన పంచాయితీ మధ్యాహ్న భోజనం గంట దాకా తెగలేదు. ‘ఎవర్నీ మోయకపోతే రవాణా కాదు’ అని ఒక అమ్మాయి తేల్చింది. పాఠ్యపుస్తకంలో ఉన్న నిర్వచనం కంటే అదే బాగుందనిపించింది నాకు. మొత్తం ఖర్చు సున్నా.

మీకు నా సలహా ఏంటంటే, ఈసారి టీచర్ ప్రాజెక్టు ఇస్తే చార్టు బదులు పాపతో ఇంట్లో ఏదైనా కొలిపించి, అడిగించి, తన చేత్తోనే వంకర టింకరగా రాయించి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే సోల, తవ్వ, మానిక ఎక్కడో అటక మీద ఉంటాయి, దింపించండి. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుంది, రెండు తవ్వలు పోస్తే మానిక. పాప బియ్యం పోసుకుంటూ తనంతట తానే ‘ప్రతిసారీ రెండేనా?’ అని అడుగుతుంది, మీరు ముందే చెప్పేయకుండా ఉండగలిగితే. మార్కులు కాస్త తగ్గొచ్చు, తగ్గనివ్వండి.

ప్రశ్న: అమ్మాయీ, మా మనవడు రెండో తరగతి. అ ఆ ఇ ఈ వరసగా చెప్పమంటే ‘ఋ’ దగ్గరికొచ్చేసరికి గుటకలు మింగుతాడు, కానీ బస్సు మీద బోర్డు మాత్రం గబగబా చదివేస్తాడు. మా రోజుల్లో ఇసకలో ఓనమాలు దిద్దించి, గుణింతాలు కంఠతా పట్టించి గానీ పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు. వీళ్లది తలకిందుల చదువేమో అని నా బెంగ.
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: పెద్దమ్మా, బస్సు బోర్డు చదువుతున్నాడంటే ఇంకేం కావాలి! ఇప్పుడు బళ్లలో ముందు తెలిసిన పదం, ఆ పదంలో ఉన్న అక్షరం, ఆ అక్షరంతో ఇంకో పదం, ఇలా పోతారు. పిల్లాడికి ‘పలక’ తెలుసు, ‘ఋ’తో మొదలయ్యే మాట ఇంట్లో ఎవరంటారు చెప్పండి? వరస కూడా కావాల్సిందే, నిఘంటువు చూడ్డానికీ, పేర్ల పట్టీ వేసుకోవడానికీ, అది మూడు నాలుగు తరగతులకి దానంతటదే కుదురుతుంది.

గుణింతాలు మాత్రం నేనూ మీ పార్టీనే. ‘కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి’ అని రాగం తీసి చెప్తే ఏ గుర్తుకి ఏ ధ్వనో చెవిలో ఉండిపోతుంది, మా క్లాసులో ఇప్పటికీ పాడిస్తాను, పక్క క్లాసు సార్ తలుపేసుకుంటారు. అసలు చిక్కంతా ఒత్తుల దగ్గర ఉంది. డ ఒత్తో, ద ఒత్తో అయితే అక్షరమే కింద చిన్నగా కనిపిస్తుంది, పిల్లాడు పోల్చుకుంటాడు. త, న, మ, య, ర, ల ఒత్తులకి ఆ అక్షరాలతో పోలికే ఉండదు. ‘అమ్మ’ అని ఏడాది వయసు నుంచి పిలుస్తున్న పిల్లాడు పుస్తకంలో ఆ మాట చూసి ‘అమ’ అని ఆగి, కింద ఉన్న వంకర గీతని వేలితో పొడుస్తూ ‘ఇదేంటి టీచర్’ అంటాడు. మొన్న ఆగస్టు అంతా మాకు దీంతోనే సరిపోయింది. రోజుకొక్క ఒత్తు, ఆ ఒత్తున్న మాటలు ఇంటి నుంచి ఐదు తేవాలి. మ ఒత్తు రోజున అమ్మ, బొమ్మ, కొమ్మ, నిమ్మ వచ్చాయి, ఒకడు వాళ్ల ఊరి కిరాణా కొట్టు ఆయన పేరు కూడా తెచ్చాడు, అందులో నిజంగానే మ ఒత్తు ఉంది.

మీరు బెంగ మానేసి ఒక పని చేయండి, వాడికి పొడుపు కథలు వేయండి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం కదా, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం కూడా అదే రోజు. రెండూ వదులుకోవడం ఎందుకని మేము పొద్దున ఖోఖో ఆడించి, మధ్యాహ్నం ఊళ్లో అవ్వల్ని, తాతల్ని బడికి పిలిచాం. ఒక అవ్వ ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది, ఏంటది?’ అంది. పందొమ్మిది మందిలో ఒక్కరికీ కవ్వం తెలియదు. వాళ్లిళ్లలో పెరుగు ప్యాకెట్లో వస్తుంది! అవ్వ చేతులతో తాడు లాగుతున్నట్టు ఆడించి చూపించాక అందరూ ఆ పొడుపు కథ రాసుకున్నారు, ఎవరూ రాయమనలేదు. గిడుగు వారు పోరాడింది కూడా జనం నోట్లో ఉన్న మాట పుస్తకంలోకి రావాలనే. మా పిల్లలు మక్కలు అంటారు, పుస్తకంలో మొక్కజొన్న అని ఉంటుంది, రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాస్తాను, ఏదీ కొట్టేయను. మీ మనవడికి మీ తెనాలి మాటలు మీరే ఇవ్వాలి, బడి ఇవ్వలేదు.

ప్రశ్న: మేడమ్, డీఎస్సీలో ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది, మొదటి పోస్టింగ్. బడిలో నేనొక్కదాన్నే టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 23 మంది పిల్లలు. ఒక క్లాసుకి చెప్తుంటే నాలుగు క్లాసులు కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి గొంతు పోతోంది, సిలబస్ మాత్రం కదలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, రాత్రిళ్లు ఏడుపొస్తోంది.
– కొత్త టీచర్, ఆదిలాబాద్ వైపు

జవాబు: ముందు నీళ్లు తాగమ్మా. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి, ఆ రెండో టీచర్ కోసం పైకి రాస్తూనే ఉండు, రాసిన ప్రతి కాగితం నకలు దగ్గర పెట్టుకో. ఈలోగా రేపటి రోజు గడవాలి కదా, దాని గురించి మాట్లాడుకుందాం.

నేనూ ఏకోపాధ్యాయ బడిలోనే మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఐదు క్లాసులకీ ఐదు టైంటేబుళ్లు గోడకి అంటించి, ఒకటో తరగతికి పలకలిచ్చి ఐదో తరగతికి గట్టిగా ఎక్కాలు చెప్పించేదాన్ని. డిసెంబర్‌లో చూస్తే ఒకటో తరగతి పిల్ల ఒకతి పదమూడో ఎక్కం అప్పజెప్పింది, తన పేరు రాయమంటే రాలేదు. ఐదో తరగతి చదువు చెవిలో పడింది, తన చదువు ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది.

అందుకని తెలుగుకీ లెక్కలకీ క్లాసుల సంగతి మర్చిపో. 23 మందినీ ఒక్కొక్కరినీ పిలిచి చదివించు, రెండు రోజులు పడుతుంది. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు, పదాల దగ్గర ఉన్నవాళ్లు, వాక్యాలు చదివేవాళ్లు, మూడే గుంపులు వస్తాయి. నాలుగో తరగతి పిల్లాడు అక్షరాల గుంపులో తేలితే కంగారు పడకు, వాణ్ని చిన్నబుచ్చకు, గుంపులకి చిలుక, నెమలి లాంటి పేర్లు పెట్టు, అంకెలు వద్దు. 2022 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన తొలిమెట్టు, అదే చదవడం, రాయడం, లెక్కలు నేర్పే కార్యక్రమం కూడా పట్టుకున్నది ఈ పునాదినే, శిక్షణలో ఇచ్చిన కార్డులూ చార్టులూ బీరువాలో ఉంటాయి, తాళం తీసి పిల్లల చేతికివ్వు. చిరిగితే చిరిగాయి. ఒక గుంపు నీతో, ఒక గుంపు రాతతో, ఒక గుంపు కార్డులతో, ఇరవై నిమిషాలకొకసారి మారాలి. ఐదో తరగతి పిల్లలతో చిన్నవాళ్లకి చెప్పించొచ్చు, కానీ రోజూ వద్దు, వాళ్లూ చదువుకోడానికే వచ్చారు, నీకు జీతం లేని అసిస్టెంట్లు కారు.

పరిసరాల విజ్ఞానానికి ఐదు క్లాసులకీ ఒకే అంశం పెట్టుకో. ‘నీళ్లు’ అనుకుంటే చిన్నవాళ్లు బోరింగ్ బొమ్మ వేస్తారు, మూడోవాళ్లు ఇంట్లో రోజుకి ఎన్ని బిందెలో లెక్కేస్తారు, ఐదోవాళ్లు ఊరి చెరువు గురించి పది వాక్యాలు రాస్తారు. మధ్యాహ్న భోజనాన్నీ వదలకు. ప్రాథమిక తరగతులకి మనిషికి 100 గ్రాముల బియ్యం, ఈ రోజు 21 మంది వచ్చారు, ఎన్ని కిలోలు ఎన్ని గ్రాములు? రోజూ హాజరు వేశాక ఆ లెక్క పిల్లలే చేసి వంటమ్మకి చెప్పాలి. మా దగ్గర ఒకసారి వాళ్లు 2 కిలోల 100 గ్రాములకి బదులు 21 కిలోలు అని చెప్పారు, వంటమ్మ చేసిన హంగామా తర్వాత దశాంశ స్థానం తప్పు పెట్టినవాడు లేడు.

యాప్‌లో హాజరు, ఫొటోలు, రిపోర్టులు అంటావా, అవి ఆగవు. పిల్లలు అన్నం తినేటప్పుడు చెయ్, చదివే గంటలో ఫోన్ ముట్టుకోకు. సిలబస్ కదలడం లేదన్న మాట ఎవరైనా అడిగితే, మొదట్లో ఎవరు ఏ గుంపులో ఉన్నారు, ఇప్పుడు ఎవరు ఎక్కడికి మారారు అనే కాగితం ముందు పెట్టు. నన్ను తనిఖీకి వచ్చినవాళ్లు ఆ కాగితం చూశాక ఎప్పుడూ ఏమీ అనలేదు. టీ అడిగారు.

ప్రశ్న: మా అమ్మాయి ఒకటో తరగతి, ప్రైవేటు బడి. బ్యాగు మోయలేక ముందుకి వంగిపోతోంది, రోజూ గంటన్నర హోంవర్కు. అడిగితే ‘పోటీ ప్రపంచమండీ’ అంటున్నారు.
– ఒక అమ్మ, విజయవాడ

జవాబు: బ్యాగుని కిరాణా కొట్టు కాటా మీద పెట్టించండి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఒకటి, రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలి, హోంవర్కు అసలే ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు తరగతులకి కూడా వారానికి రెండు గంటలే, రోజుకి కాదు వారానికి. కాటా మీద ఉన్న బ్యాగు ఫొటో తీసి, ఇంకో ముగ్గురు తల్లుల్ని వెంటబెట్టుకుని వెళ్లి ప్రిన్సిపాల్‌కి చూపించండి, ఒక్కరే వెళ్తే ‘మీకొక్కరికే కంప్లైంటు’ అంటారు. ఇంటికొచ్చాక బ్యాగు ఒకసారి దులపండి, మావాళ్ల బ్యాగుల్లో అయితే పుస్తకాల కంటే గులకరాళ్ల బరువే ఎక్కువుండేది.

ప్రశ్న: టీచర్ నమస్తే. నేను మూడో తరగతి. బడిలో దూదిలో మెంతులు వేసినం. మూడు రోజులకు మొలకలొచ్చినయి. నేను ఇంట్ల కూడ వేసిన. మంచిగ పెరిగినయి, ఆకులు కూడ వచ్చినయి. పది రోజులకు ఎండిపోయి పడిపోయినయి. నీళ్లు రోజు పోసిన. ఎందుకు చచ్చిపోయినయి?
– సిద్దిపేట జిల్లా నుంచి (అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒక్క ఒత్తు కూడా తప్పలేదు)

జవాబు: నాన్నా, నీ తప్పేం లేదు. గింజ అమ్మ కట్టిచ్చిన సద్దిమూటతో పుడుతుంది, మెంతిగింజ లోపల రెండు బద్దలుంటాయి చూశావా, అదే ఆ మూట. మొలకెత్తి రెండాకులు వేసేదాకా ఆ తిండే తింటుంది, అందుకే దూదిలో కూడా పెరిగింది. మూట అయిపోయాక ఆకు ఎండలో తన తిండి తాను వండుకోవాలి, వేరు మట్టిలో నుంచి కావలసినవి తెచ్చుకోవాలి. దూదిలో నీళ్లే ఉన్నాయి, మట్టిలో ఉండేవి లేవు. నీళ్లు మరీ ఎక్కువ పోస్తే వేరు కుళ్లిపోతుంది కూడా. నువ్వు గిన్నె ఎక్కడ పెట్టావో రాయలేదు, గదిలో మూలకి పెట్టి ఉంటే ఎండ కూడా అంది ఉండదు.

ఈ సెలవుల్లో మళ్లీ చెయ్. రెండు గిన్నెలు తీసుకో, రెండింట్లోనూ పది పది గింజలే వెయ్, ఒకదాంట్లో దూది, ఒకదాంట్లో మట్టి, రెండూ ఒకే కిటికీ దగ్గర పెట్టు, నీళ్లు ఒకే చెంచాతో కొలిచి పొయ్యి. ఏ రోజు ఎన్ని మొలిచాయో రాసుకో. ఇంకో దూది గిన్నెలో నాలుగు గింజలు వేసి, వేరు వచ్చాక గిన్నెని ఒక పక్కకి వంచి పెట్టు, రెండు రోజుల తర్వాత వేరు ఎటు తిరిగిందో బొమ్మ గీసి నాకు పంపు. నేను చెప్పను, నువ్వే చూసి చెప్పు.